నురగ వచ్చిన రాయి

రేవుకు ఎదురు వీధిలో, తాళాలు బాగుచేసే దుకాణం మీద ఉన్న మేడగది డిటెక్టివమ్మ ఆఫీసు. బోర్డు మీద ఆమె అసలు పేరు రాసే ఉంది గానీ, ఆ వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. గదిలో రెండు బల్లలు, ఒక చెక్క బీరువా, నాలుగు కుర్చీలు. చిన్న బల్ల దగ్గర ఆమె సహాయకుడు కూర్చుంటాడు. పన్నెండేళ్ళుగా ఆమె కేసులన్నీ టైపు చేస్తున్నాడు కాబట్టి అతన్ని అందరూ టైపిస్టు అంటారు. ఆమె మాట అతనికి వేదవాక్కు.

ఆ ఉదయం మెట్ల మీద పరుగులాంటి అడుగులు వినిపించాయి.

"ఆడమనిషి. దీవి నుంచి సరుకుల పడవలో వచ్చింది. పెద్ద కష్టంలో ఉంది," అంది డిటెక్టివమ్మ టీ కప్పులోంచి కళ్ళెత్తకుండానే.

టైపిస్టు నోరు తెరిచాడు. "అడుగుల చప్పుడుకే ఇంత ఎలా చెప్పారు మేడమ్?"

"కిటికీలోంచి చూశానయ్యా. పడవ దిగి, దారిన పోయేవాళ్ళను గుద్దుకుంటూ ఇటే వచ్చింది."

వచ్చిన మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, భుజాన ఎర్రటి మందుల సంచీ, గుప్పిట్లో ఇత్తడి బిళ్ళ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను టూరిస్టు గైడునండీ. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఈ బిళ్ళ లాగేసుకుంటారు. ఆ తర్వాత పోలీసులకు అప్పగిస్తారు. నేను ఏ తప్పూ చెయ్యలేదు."

"ముందు ఈ టీ తాగు. తర్వాత మొదటి నుంచి చెప్పు," అంది డిటెక్టివమ్మ తన కప్పే జరిపి.

గైడు రెండు గుక్కల్లో టీ తాగేసి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కంపెనీ నడిపే యాత్రలో రెండు మజిలీలు. ముందు కొండమీది పాత రాతినగరం, తర్వాత సముద్రంలోని పక్షుల దీవి. రాతినగరంలో శిథిలాల మధ్య ఒక చిన్న ప్రదర్శన గది ఉంది. అందులో రాతితో చేసిన పక్షిగూడు, గూట్లో ఏడు రాతిగుడ్లు. మచ్చలున్న బూడిదరంగు రాయి. వేల ఏళ్ళ కిందట వాటిని ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ గదికి కాపలాదారు గైడుకు స్వయానా మేనమామ.

"మొన్న మధ్యాహ్నం మావయ్య భోజనానికి వెళ్ళాడు. తాళం నాకిచ్చాడు. నేనే గది తీసి మా బృందంలోని నలుగురికీ చూపించాను. మధ్యలో డాక్టరు గారి భార్యకు కళ్ళు తిరిగితే మెట్ల దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళు పట్టాను. ఓ పావుగంట గదిలోకి ఎవరెళ్ళారో, ఎవరొచ్చారో చూడలేదండీ. మావయ్య వచ్చి గుమ్మంలోంచి చూసుకున్నాడు. ఏడూ ఉన్నాయి. తాళం వేశాడు."

"మరి పోయిందేమిటి?"

"నిన్న తెల్లవారాక మావయ్య తడిగుడ్డతో గుడ్లు తుడుస్తుంటే నాలుగోదానికి నురగ వచ్చిందండీ."

టైపిస్టు వేళ్ళు మిషను మీద ఆగిపోయాయి. "రాయికి నురగ రావడమేమిటి?"

"రాయి కాదు, సబ్బు. గుడ్డులా చెక్కి, బూడిద పులిమి పెట్టారు. ఇరవై ఆరేళ్ళ నౌకరీలో మావయ్య చేతిలో సబ్బు నురగ! పాపం, అక్కడే కూలబడ్డాడట."

ఆ కబురు తెలిసేలోపే గైడు తన బృందంతో కొండ దిగి, రేవు దాటి, దీవి చేరుకుంది. మధ్యాహ్నం మూడింటికి దీవికి ఫోను వచ్చింది. అయిదింటికి అందరి గదులూ వెతకమన్నారు. గైడు ఆ మాట వెంటనే అందరికీ చెప్పింది. వెతికారు. ఏమీ దొరకలేదు.

"తాళం ఎవరి దగ్గరుంది అని మాకు బిళ్ళలిచ్చే రాతినగరం ఆఫీసువాళ్ళు అడిగారు. మావయ్యకు అబద్ధం చేతకాదు. నా మేనకోడలి దగ్గర అని చెప్పేశాడు." ఆమె ఖాళీ కప్పు బల్ల మీద పెట్టింది. "బిళ్ళ పోతే పోయింది, ఎక్కడో పాచిపని చేసుకునైనా బతుకుతాను. కానీ నిన్న మావయ్యకు ఫోను చేశానండీ. నా గొంతు విని పెట్టేశాడు. ఆ కొండమీద ప్రతి రాయినీ నా వేలు పట్టుకుని చూపించినవాడు."

డిటెక్టివమ్మ లేచి గొడుగు అందుకుంది. "సరుకుల పడవ తిరుగుప్రయాణం ఎన్నింటికి?"

"పదింటికండీ."

"టైపిస్టూ, మిషను మూసెయ్యి. సముద్రం పడదని వంకలు పెట్టకు."

*

దీవికి వెళ్ళే ఎవరైనా రేవులో ఒక పొడవాటి షెడ్డు దాటాలి. బయటి గింజ గానీ, మట్టి గానీ, రాయి గానీ దీవిలో అడుగుపెట్టకూడదని నిబంధన. తనిఖీ చేసే ఆవిడ లావుపాటి మనిషి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంది. సంచులన్నీ బల్ల మీద బోర్లించింది. జేబులు తిప్పి చూపించమంది. బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దింది. మేజోళ్ళలో గుచ్చుకున్న గడ్డిగింజలను సూదితో తీసింది. చివరికి పచ్చటి నీళ్ళున్న తొట్టి చూపించింది.

"కాళ్ళు పెట్టండి. పుండ్లు, పొక్కులు, గీరుకుపోయినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ముందే చెప్పండి. ఈ మందునీళ్ళు తగిలాయంటే నిప్పు తొక్కినట్టు ఎగురుతారు. అలాంటివాళ్ళకు గుడ్డతో తుడిచి పంపిస్తాను."

"నా చిటికెనవేలు కొంచెం..." అని నసిగాడు టైపిస్టు.

ఆవిడ అతని పాదం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పుండేమిటయ్యా, గోరు తీసుకోలేదంతే. పెట్టు. నిన్నటి నలుగురే నయం. ఒక్కొక్కరి మడమలూ పట్టుకుని చూశాను, చంటిపిల్లల పాదాల్లా ఉన్నాయి. గబగబా అయిపోయింది."

"మరి ఈవిడ సంచీ విప్పలేదేం?" అని గైడును చూపించింది డిటెక్టివమ్మ.

"ఆవిడ మా మనిషే కదమ్మా, వారానికి రెండుసార్లు వస్తుంది. బూట్లు కడుగుతాం. మందుల సంచీ జోలికి పోం."

గైడు ముఖం పాలిపోయింది. డిటెక్టివమ్మ గొడుగు తీసుకుని పడవవైపు నడిచింది. పడవెక్కాక మెల్లగా అడిగింది: "నిన్న ఈ సంచీ ఎక్కడ పెట్టావు?"

"అదిగో, ఆ కొక్కేనికి తగిలించాను. ఎవరికి ఏం కావాలన్నా తీసుకోమన్నాను. నేను పడవ ముందుభాగంలో నిలబడి డాల్ఫిన్లను చూపిస్తున్నాను."

*

దీవి రేవులో రేంజరు ఎదురొచ్చాడు. ఎండకు కమిలిన ముఖం, మెడలో దుర్భిణి. దొంగతనం గురించి అడగడానికి వచ్చినవాళ్ళని తెలిసినా ఆయన ముఖంలో సంబరం దాగడం లేదు.

"మీరు మంచిరోజున వచ్చారండీ! పదకొండో నంబరు గూట్లో మూడు గుడ్లు! ఈ జాతి పక్షి రెండే పెడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే లెక్క చూస్తున్నాను, మూడోది నేను చూడలేదు, నాకు ముందున్నవాళ్ళూ చూడలేదు. పొద్దున వైర్‌లెస్‌లో హెడ్డాఫీసుకు చెప్పేశాను కూడా."

"గూడు ఎంత దూరం?"

"బాట పక్కనే. ఇవి చెట్ల మీద కట్టవు, నేలమీదే ఇంత గుంట చేసుకుని పెడతాయి. కానీ తాడు దాటి వెళ్ళనివ్వం. నేనైనా పక్షి బెదరకుండా దూరం నుంచి దుర్భిణిలోంచే లెక్కపెడతాను."

"తల్లిపక్షి లేవదా?"

"పొద్దున ఒకసారి, మగపక్షి వేట నుంచి తిరిగొచ్చాక ఇంకోసారి మారుతాయి. నాలుగున్నర ప్రాంతాన. అప్పుడు రెండు నిమిషాలు గుడ్లు కనిపిస్తాయి."

డిటెక్టివమ్మ తల పంకించి భోజనశాలవైపు నడిచింది. అది చెక్కలతో కట్టిన పొడవాటి గది. కిటికీల్లోంచి సముద్రం, ఇసుకమేట దగ్గర తెల్లటి పాత దీపస్తంభం కనిపిస్తున్నాయి. బృందంలోని నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మొదట ఫోటోగ్రాఫరును పిలిచింది. సన్నటి కుర్రవాడు, ముఖం ఇంకా వాడిపోయే ఉంది.

"నన్ను అనుమానించకండి మేడమ్. పడవెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నేను కమ్మీ వదల్లేదు. పేగులు తప్ప అన్నీ సముద్రానికి సమర్పించుకున్నాను. పక్షులను తియ్యడానికి ఎనిమిది నెలలు ఎదురుచూసి వచ్చాను. నిన్న మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు."

ఆ తర్వాత పళ్ళ డాక్టరు, ఆయన భార్య కలిసి వచ్చారు. డాక్టరు మాట్లాడకముందే టైపిస్టు డిటెక్టివమ్మ చెవిలో గుసగుసలాడాడు. "మేడమ్, చెక్కే పనివాడు ఈయనే. చేతులు చూడండి."

డాక్టరుకు చెవులు చురుకు. "అవునయ్యా, కాలేజీలో మాకు మొదటి ఏడాది సబ్బుతోనే పళ్ళు చెక్కించేవారు. నేను చెక్కితే గుడ్డు చెక్కను, చక్కటి దవడపన్ను చెక్కుతాను! నేనొచ్చింది రాళ్ళకోసం కాదు. పక్షులకోసం. ఈ జాతి ఏటా రెండే గుడ్లు పెడుతుంది, నలభై రెండు రోజులు పొదుగుతుంది. చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లో చదివి చదివి..."

"చాల్లెండి, మొదలుపెట్టారంటే ఆపరు," అంది భార్య. "చూడండమ్మా, నిన్న పడవలో గైడు సంచీలో చెయ్యి పెట్టింది ఇద్దరే. ఈయన తలనొప్పి మాత్రకోసం. మాస్టారు మడమ మీద పొక్కుకు పట్టీకోసం. నేను పక్కనే కూర్చున్నాను. ఉన్నమాట చెప్పాలి కదా."

"నన్ను ఇరికించడానికేనా నీ ఉన్నమాట?" అన్నాడు డాక్టరు.

"మీరు మాత్ర తీసుకున్నారు, మింగారు, నా భుజం మీద నిద్రపోయారు. అదీ చెబుతున్నాను."

చివరగా వచ్చిన మాస్టారు రిటైరైన చరిత్ర పంతులు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. ఆయన చాలా మర్యాదగా కూర్చున్నాడు.

"ఈ యాత్రకు మీరు కొత్తా?"

"మూడోసారి వస్తున్నానండీ. ఆ రాతినగరమంటే నాకు ప్రాణం."

"పక్షులంటే?"

"కాకికీ కొంగకూ తేడా తెలుసు. అంతకుమించి తెలియదు," అని నవ్వాడు.

"కాపలాదారు ఆ గుడ్లను ఎలా శుభ్రం చేస్తాడో ఎప్పుడైనా చూశారా?"

"చూడకేం! ఈకల కుంచెతో. ఒక్కో గుడ్డు మీదా ఎంత సుతారంగా ఆడిస్తాడో! అలాంటి ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?"

"నిజమే," అంది డిటెక్టివమ్మ. "వెళ్ళిరండి. నాలుగింబావుకు అందరూ పదకొండో గూడు దగ్గరకు రావాలి."

*

ఎండ చల్లబడింది. బాట పక్కన కట్టిన తాడు ఇవతల ఎనిమిది మందీ నిలబడ్డారు. తాడు అవతల రెండడుగుల దూరంలో పెద్ద తెల్లపక్షి గుంటలో సర్దుకుని కూర్చుని, వీళ్ళందరినీ పనిలేని మనుషుల్లా చూస్తోంది.

"రేంజరు గారూ, ఆ పక్షి లేవగానే మూడో గుడ్డు తీసి నాకివ్వాలి," అంది డిటెక్టివమ్మ.

రేంజరు అదిరిపడ్డాడు. "ఏమిటండీ మీరనేది! ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది!"

"ముట్టుకోకపోతే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది. అది గుడ్డు కాదు."

డిటెక్టివమ్మ నెమ్మదిగా, పక్షి బెదరకుండా గొంతు తగ్గించి చెప్పసాగింది.

"రాయి రేవు దాటి ఎలా వచ్చింది? మీ సంచులు బోర్లించారు, జేబులు తిప్పారు. విప్పని సంచీ ఒక్కటే, గైడుది. దొంగ ఆ సంగతి కనిపెట్టి, షెడ్డులోకి రాకముందే రాయిని అందులో వేశాడు. పడవలో వెనక్కి తీసుకోవాలి కదా. ఆ సంచీలో చెయ్యి పెట్టింది ఇద్దరే. ఒకరు తలనొప్పని, ఒకరు పొక్కని."

"నేను తలనొప్పితో చచ్చాను!" అన్నాడు డాక్టరు.

"తలనొప్పి కంటికి కనిపించదు డాక్టరు గారూ, ఉందో లేదో నేను చెప్పలేను. మీ విషయం వేరే దారిన తేలింది. నిన్న మధ్యాహ్నం మూడింటికి గదులు వెతుకుతారని తెలిసింది. దొంగకు రెండు గంటల గడువుంది. మచ్చల రాయిని గుడ్ల మధ్య దాస్తే ఎవరు చూస్తారులే అనుకున్నాడు. నాలుగున్నరకు పక్షులు మారే ఆ రెండు నిమిషాల్లో తాడు మీంచి వంగి పెట్టేశాడు. మంచి ఎత్తే. కానీ పక్షుల సంగతి తెలిసిన మనిషి, ఈ జాతి రెండే పెడుతుందని నాకు పాఠం చెప్పిన మనిషి, మూడో గుడ్డు పెట్టి రేంజరుకు పండగ చేస్తాడా?"

డాక్టరు భార్య వంక గర్వంగా చూశాడు.

"ఇక పొక్కు. పొక్కు కంటికి కనిపిస్తుంది. రేవులో ఆ తొట్టి ముందు ప్రతి మడమా చేత్తో పట్టి చూస్తారు. నిన్న నలుగురి పాదాలకూ చిన్న గీత కూడా లేదని ఆవిడే చెప్పింది. ఉంటే ఆ మందునీళ్ళకు కేక పెట్టేవారు. తొట్టిలోంచి లేచి పడవెక్కిన ఆ కాసేపట్లో, బెంచీ మీద కూర్చుని ఉండగా పొక్కు ఎక్కణ్ణుంచి వచ్చింది మాస్టారూ?"

అందరూ తిరిగి చూశారు. మాస్టారు తన బూట్లవైపు చూసుకున్నాడు.

"సబ్బు కూడా మిమ్మల్నే పట్టిచ్చింది. కొలత తప్పకుండా చెక్కాలంటే ముందే వచ్చి చూసుండాలి. మీరు మూడోసారి వచ్చారు. కాపలాదారు ఈకల కుంచె వాడతాడని మీకు తెలుసు. పొడికుంచెకు సబ్బు ఎన్నాళ్ళైనా రాయిలాగే ఉండేది. పొద్దున్నే, మనుషులెవరూ రాకముందు, తడిగుడ్డతో తుడుస్తాడని మీకు తెలియలేదు. ఇల్లు తుడిచే వాళ్ళెవరైనా చెప్పేవారు, దుమ్ము ఉత్త కుంచెతో పోదని."

అప్పుడే ఆకాశంలోంచి మగపక్షి దిగింది. రెండూ మెడలు ఆడించుకుని పలకరించుకున్నాయి. ఆడపక్షి లేచి పక్కకు జరిగింది. గుంటలో మూడు గుడ్లు. రేంజరు తోలు తొడుగు వేసుకుని, ఊపిరి బిగబట్టి వంగాడు. మగపక్షి ఆయన మణికట్టు మీద రెండు పోట్లు పొడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసి చూసుకున్నాడు.

"రాయే," అన్నాడు నీరసంగా. "వెచ్చగా ఉందండీ. పాపం, రాత్రంతా పొదిగింది." తర్వాత గుర్తొచ్చినట్టు, "అయ్యో, నా వైర్‌లెస్సు!" అని తల పట్టుకున్నాడు.

మాస్టారు తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్ముకోవడానికి కాదమ్మా. దీపస్తంభం దగ్గర చదునురాయి మీద ఏడు గుంటలున్నాయి. వానకు తొలిచినవని అందరూ అంటారు. పోయినసారి వాటిని చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ఆ కొండవాళ్ళు సముద్రం దాటి ఇక్కడికి వచ్చారని నా నమ్మకం. ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక గుడ్డు ఇప్పించండి, పెట్టి చూస్తానని. జవాబు లేదు. నిన్న పొద్దున పెట్టి చూశాను. నాలుగో గుంటలో అతికినట్టు కూర్చుంది. వచ్చే వారం కొండెక్కి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఇంతలో ఫోను వచ్చింది. భయపడ్డాను."

"భయపడి ఊరుకున్నారు," అంది డిటెక్టివమ్మ. "ఒక రాయి సంగతి తెలుసుకోవడానికి ఒక మనిషి బతుకును పక్కన పెట్టేశారు. అలా చెయ్యకూడదని మీరే ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటారో."

మాస్టారు గైడు వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, ఆ గుంటలు నిజం. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను. వేల ఏళ్ళ..."

"మాస్టారూ, ఆగండి." గైడు గట్టిగానే అంది. పక్షి కూడా తలెత్తి చూసింది. "మీ గుంటల గురించి రేపు మాట్లాడండి. వింటాను, నాకూ ఇష్టమే. ఇవాళ నా గురించి మాట్లాడండి. ఫోను రేంజరు గారి గదిలో ఉంది."

ఆయన ముందు నడిచాడు.

*

రేంజరు గది చిన్నది. ఒక బల్ల, గోడకు దీవి పటం, కిటికీలో ఉప్పు పట్టిన అద్దం. మాస్టారు నిలబడే ఆఫీసుతో మాట్లాడాడు. దొంగతనం తనదేనని, ఆ ఏడు గుంటల కోసం చేశానని, గైడుకు ఏమీ తెలియదని, రేపు పడవ దిగగానే పోలీసుల ముందుకు తానే వస్తానని చెప్పాడు. అవతలివాళ్ళు అడిగితే అదే మాట మళ్ళీ చెప్పాడు. టైపిస్టు అంతా కాగితం మీద రాసి సంతకం పెట్టించాడు. ఆఫీసువాళ్ళు గైడును పిలిచి, బిళ్ళ ఆమె దగ్గరే ఉంటుందని, వచ్చే బృందం కూడా ఆమెదేనని చెప్పారు. చివర్లో పైఅధికారి కాస్త తడుముకుంటూ, ఆ గుంటల కొలతలు తీసుకుని రమ్మన్నాడట.

"మేడమ్, డాక్టరు అనుకుని పొరపడ్డాను," అన్నాడు టైపిస్టు మెల్లగా.

"చేతులు చూశావు. నేను కాళ్ళ సంగతి విన్నాను. అంతే తేడా."

గైడు ఇంకో నంబరు తిప్పింది. ఎవరూ బయటకు వెళ్ళమని చెప్పకపోయినా డిటెక్టివమ్మ తలుపు దాకా నడిచింది. అయినా గది చిన్నది కాబట్టి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"మావయ్యా, నేనే. పెట్టెయ్యకు."

అవతల ముసలిగొంతు గట్టిగా వినిపించింది.

"ఆఫీసువాళ్ళు ఇప్పుడే చెప్పారే. నిన్న నీ గొంతు వినగానే నాకు ఏడుపొచ్చింది. నీకు వినబడకూడదని పెట్టేశాను. నీమీద కోపంతో కాదు. నీ పేరు చెప్పినందుకు నామీద నాకే." ముక్కు చీదుకున్నాడు. "ఆ దీవిమీద ఏడు గుంటలున్నాయటగా? నిజమేనా?"

"మాస్టారు అలాగే అంటున్నాడు. పొద్దున్నే వెళ్ళి కొలుస్తాను."

"ఇరవై ఆరేళ్ళు ఆ గుడ్లు తుడిచానే అమ్మాయ్. అవి ఎక్కడివో ఎవరూ చెప్పలేదు. నేనూ చూడాలి. కానీ నాకు పడవంటే భయం."

గైడు గోడకు తగిలించిన ప్రయాణికుల జాబితా దగ్గరకు, ఫోను తీగ సాగినంత మేర నడిచింది. కళ్ళు తుడుచుకుని వేలితో వరస చూసింది.

"వచ్చే గురువారం బృందంలో ఒక చోటు ఖాళీగా ఉంది మావయ్యా. నా పక్కన కూర్చుందువుగాని."